బండి ఎక్కని మనిషి

హైదరాబాద్‌లో మేము నడవడానికి కారులో వెళ్లేవాళ్లం. ఇందులో వింతేమీ లేదు, అక్కడ అందరూ అంతే. మా ఇంటి ముందు ఫుట్‌పాత్ ఉండేది, కాదనను. దాని మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, రెండు ఇడ్లీ బండ్లు, ఎవరో పెద్దమనిషి పెంచుకుంటున్న పూలకుండీలు కాపురం చేసేవి. మనుషులకే చోటు మిగల్లేదు. అందుకని పార్కు దాకా కారులో పోయి, పార్కింగు కోసం అరగంట తిరిగి, పార్కులో ఇంకో అరగంట గుండ్రంగా తిరిగి, ఆరోగ్యం బాగుపడిందన్న తృప్తితో మళ్లీ కారులో ఇల్లు చేరేవాళ్లం.

నాకు నలభై నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిది స్కూటర్ మీద ఉండగానే వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను కాబట్టి బతికిపోయాను. నేను రోడ్డు మీద కొట్టుకుంటుంటే ఒకాయన చాలా శ్రద్ధగా వీడియో తీశాడట. అది తన ఫోనుక్కూడా వచ్చిందని తర్వాత మా పక్క ఫ్లాటావిడ చెప్పింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇక బండి నడపొద్దన్నాడు. మా ఆయన దానికి తన వంతు కలిపి, ఒంటరిగా గడప దాటొద్దన్నాడు. ఆ రోజు నుంచి నేను మనిషిని కాదు, కొరియర్ పార్సిల్‌ని. పొద్దున ఇంట్లో ఎక్కించుకుని నేను తెలుగు చెప్పే బడిలో దించేవాడు, సాయంత్రం బడిలో ఎక్కించుకుని ఇంట్లో దించేవాడు. కరివేపాకు కావాలన్నా అడగాలి. ప్రేమతోనే చేశాడు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రెండేళ్ల పాటు ప్రతి కరివేపాకు రెబ్బకూ ఆ ప్రేమను చేయి చాచి అడిగి చూడండి, ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అప్పుడు మా ఆయనకు రామగుండం దగ్గర విద్యుత్ కేంద్రంలో ఒక కాంట్రాక్టరు కింద ఇంజనీరు పని దొరికింది. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడి నన్ను కూడా తీసుకుంటానంది. మా స్టాఫ్‌రూమ్‌లో సంతాపసభ జరపడమొకటే తక్కువ. బొగ్గు, దుమ్ము, ఎండ అని తలా ఒకటి చెప్పారు. ఒకావిడైతే నా చేయి పట్టుకుని, “అక్కడ మాల్ అయినా ఉంటుందా, పాపం?” అంది. నేను పైకి దిగులు నటించి లోపల సంబరపడ్డాను. చిన్న ఊళ్లో అన్నీ దగ్గరగా ఉంటాయి కదా.

మా ఆయనకు ఒకే ఒక షరతు పెట్టాను. బడి, కూరగాయలు, మందుల షాపు, ఈ మూడింటికీ నా కాళ్లతో నేను ఒంటరిగా పోగలిగే చోట ఇల్లు తీసుకోవాలి.

“దారిలో పడిపోతే?” అన్నాడు.

“ఒక్కసారి పడినా సరే, ఇక నువ్వు చెప్పినట్టే వింటాను. నువ్వెక్కించిన బండి ఎక్కుతాను.”

మాటంటే మాట అన్నాడు. మాటంటే మాటే అన్నాను. అప్పటికి ఎనిమిది నెలలుగా ఫిట్స్ రాలేదు, నా ధైర్యం అది.

గోదావరిఖనిలో ఇళ్లు చూపించిన మధ్యవర్తి యాభై దాటిన మనిషి. బడికి ఎంత దూరం అని అడిగితే, “అయిదు నిమిషాలే మేడం” అన్నాడు. మార్కెట్టుకు? అయిదు నిమిషాలు. మంచి డాక్టరు దగ్గరికి? అదీ అయిదు నిమిషాలే. ఇంత కుదురైన ఊరిని నేనెక్కడా చూడలేదు.

“నడిచి అయిదు నిమిషాలా?” అన్నాను.

ఆయన నన్ను వదిలేసి మా ఆయన వైపు చూశాడు. “నడుసుడు ఎందుకు మేడం? సార్‌కు బండి లేదా?” ఆ గొంతులో నిజమైన జాలి ఉంది.

ముందుగా ఊరి చివర కొత్త వెంచరుకు తీసుకుపోయాడు. గేటు మీద పెద్ద అక్షరాలతో గ్రీన్ అని ఏదో రాసి ఉంది. ఆ చుట్టుపక్కల పచ్చగా ఉన్నవి ఆ అక్షరాలే. వెనక ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి దిబ్బలు ఆకాశాన్ని సగం మూసేసి నిలబడ్డాయి. “హిల్ వ్యూ మేడం” అన్నాడాయన, కొంచెం కూడా తడబడకుండా. మూడు పడకగదులు, కారు పెట్టుకునే చోటు చూసి మా ఆయన అప్పటికే ఏ గోడకు ఏ ఫొటో అనేదాకా పోయాడు. నేను వాచీ చూసుకుని అక్కడి నుంచి బడి దాకా నడవడం మొదలుపెట్టాను. మధ్యవర్తికి ఏం చేయాలో తోచలేదు. ఒక ఆడమనిషిని నడిపిస్తూ తను బండి మీద ముందు పోలేడు, బండి వదిలి నడవడం ఆయన ఒంటికి తెలియదు. చివరికి ఫస్టు గేరులో నా పక్కనే ఈడ్చుకుంటూ వచ్చాడు. దారిలో ఎవరో పలకరించారు.

“ఏందే, బండి ఖరాబైందా?”

“నాది మంచిగనే ఉన్నదే. మేడందే.”

“మేడం బండి ఏది?”

“లేదు. గదే ఖరాబు.”

ఆయన అయిదు నిమిషాలు నా కాళ్లకు నలభై అయిదయ్యాయి. ఆ లెక్క విని మా ఆయన ముఖం చిన్నబోయింది.

చివరికి చౌరస్తా వెనక పాత గల్లీలో ఒకటిన్నర గది ఇల్లు దొరికింది. బడికి పన్నెండు నిమిషాలు, కూరగాయలకు నాలుగు, మందులకు రెండు, అన్నీ నా కాళ్ల లెక్కే. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో పేలుళ్లు జరిపినప్పుడు గూట్లో గిన్నెలు గల్లుమంటాయి. ఇంటి యజమాని డెబ్బై దాటిన అవ్వ, గని కార్మికుడి భార్య. భర్త పోయాక ఆయన పింఛనుతో పక్క వాటాలో ఉంటోంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ గల్లీని పరిపాలిస్తుంది. నా జబ్బు సంగతి ఆవిడకు చెప్పిపెడదామన్నాడు మా ఆయన. చెబితే ఊరుకోనన్నాను. ఈ ఊళ్లోనైనా నేను జబ్బుమనిషిని కాకుండా ఉత్త మనిషిలా బతకాలని నా కోరిక.

మొదటి రోజు సాయంత్రం ఒక్కదాన్నే పోయి కరివేపాకు కొన్నాను. కొని అక్కడే నిలబడి ఏడ్చాను. కూరగాయలావిడ కంగారుపడి ఇంకో కట్ట ఊరికే ఇచ్చింది.

అయితే, ఈ ఊళ్లో నడవడం అంత తేలిక కాదని వారంలోనే తెలిసింది. రోడ్లు బాగాలేక కాదు, మనుషులు మరీ మంచివాళ్లై. నడుస్తున్న మనిషి కనబడితే వీళ్లు చూసి ఊరుకోలేరు. ప్రతి బండీ ఆగుతుంది. “ఎక్కు మేడం, దింపేస్త.” వద్దంటే వినరు. “గింత ఎండల నడుసుడేంది, ఎక్కు.” ఒకాయనైతే బండి దిగి తాళం నా చేతికిచ్చి, “నువ్వు తీస్కపో అక్కా, నేనే నడుస్త” అన్నాడు. నేను ఎవరి బండీ ఎక్కకపోయేసరికి పుకార్లు పుట్టాయి. మా ఆయన పిసినారి అన్నారు. మాకు మాటల్లేవన్నారు. ఆఖరికి నేనేదో మొక్కు మొక్కానని, అది తీరేదాకా బండి ఎక్కనని తేలింది. మొక్కు అన్నాక అందరూ గౌరవించారు. నేనూ కాదనలేదు. అబద్ధం కూడా కాదు కదా.

ఒక రోజు బడికి ఆలస్యమై, పట్నం అలవాటు కొద్దీ ఎవరి ముఖమూ చూడకుండా గబగబా నడుస్తున్నాను. ఆ రోడ్డు బడి దాటాక దవాఖాన మీదుగా గని వైపు పోతుంది. రెండు పక్కలా ఆడవాళ్లు ఒక్కొక్కరే గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి నాతో పాటు నడవడం మొదలుపెట్టింది.

“ఎవలకైంది బిడ్డా? ఏ గనిల?”

“ఏమీ కాలేదమ్మా, బడికి లేటైంది.”

ఆవిడ రోడ్డు పక్కన అరుగు మీద కూలబడి, గుండె మీద చేయి పెట్టుకుని నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. సాయంత్రం అవ్వ తన వంతు తిట్టింది. “షిఫ్టు గాని యాళ్ల ఆడమనిషి గని దిక్కు ఉరికితె ఈడ ఎవ్వల పాణం ఆగది. నడువు, ఎవలొద్దన్నరు? మెల్లగ నడువు.” నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి పది నిమిషాలు ముందు బయల్దేరి నెమ్మదిగా నడిచాను.

అలా అయిదు నెలలు గడిచాక, ఒక ఉదయం చౌరస్తా దగ్గర చాయ్ హోటల్ ముందు పడిపోయాను.

తెలివొచ్చేసరికి ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. తల కింద ఎవరిదో తువ్వాలు. కాళ్ల మీద చీర సర్ది ఉంది. నైట్ షిఫ్టు దిగి చాయ్ తాగుతున్న ఒక కార్మికుడు నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని జనాన్ని వెనక్కి నెడుతున్నాడు. ఎవరో తాళంచెవుల గుత్తి పట్టుకొచ్చారు. “గవి వద్దే. జర గాలి రానియ్యుండ్రి. మాకు ఫస్ట్ ఎయిడ్ల నేర్పిండ్రు” అని కసిరాడు. తర్వాత నా కళ్లలోకి చూసి వాచీ చూపించాడు. “రెండు నిమిషాలే అక్కా. ఫికర్ చెయ్యకు.” అంతమందిలో ఒక్కడంటే ఒక్కడూ వీడియో తీయలేదు. వెనకబడిన ప్రాంతం మరి.

మా ఆయన వచ్చాడు. అరిచినా బాగుండేది. ఇంటికి తీసుకుపోయి, అన్నం కలిపి పెట్టి, “మాటిచ్చావు” అన్నాడు. ఆ సాయంత్రమే నెలవారీ ఆటో మాట్లాడాడు. మధ్యవర్తికి ఫోన్ చేసి హిల్ వ్యూ ఇల్లు ఇంకా ఉందా అని అడిగాడు. అవ్వకు అంతా పూస గుచ్చినట్టు చెప్పేశాడు. ఆవిడ అడిగింది ఒక్కటే, “మాత్రలు ఏస్కుంటున్నదా?” అని. ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది. రెండు నిమిషాల కోసం జీవితమంతా రాసిచ్చేసినట్టయింది.

వారం ఇంట్లో ఉన్నాను. సోమవారం మా ఆయన ఆరింటికే డ్యూటీకి పోయాడు. ఎనిమిదిన్నరకు ఆటో వచ్చింది. ఇచ్చిన మాట నిలువునా తప్పి, ఆటోను వెనక్కి పంపి, నడిచాను.

ఆ రోజు ఒక్క బండీ ఆగలేదు. ఎవరూ ఎక్కమనలేదు, ఎలా ఉందని కూడా అడగలేదు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం వచ్చింది. చాయ్ హోటల్ దాటుతుంటే హోటలావిడ నన్ను చూసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, “చౌరస్తా దాటింది” అంది. మందుల షాపతను గుమ్మంలోకి వచ్చి, “నా ముందట్నుంచి వోయింది” అన్నాడు. బడి గేటు దగ్గర వాచ్‌మన్ నా ముఖం చూడనైనా చూడకుండా ఫోన్లో, “అచ్చింది అవ్వా” అన్నాడు.

సాయంత్రం దాకా కోపంతో ఉడికిపోయాను. పిల్లలకు ఆ రోజు సంధులు చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. ఇంటికి రాగానే నేరుగా అవ్వ గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఇదంతా మా ఆయన పెట్టించాడా?”

“నీ మొగనికి తెల్వనే తెల్వది. నేనే చెప్పిన అందరికి.”

“నేనేమన్నా ఖైదీనా అవ్వా? అడుగడుగునా కాపలా దేనికి?”

ఆవిడ తలెత్తలేదు. “మా ఆయన ముప్పయేండ్లు లాంపు రూంల చేసిండు. గనిల దిగేటోనికి లైటిచ్చుడు, ఎక్కినంక తీస్కునుడు, గదే పని. షిఫ్టు అయినంక లైటు తగిలేసే కొక్కెం ఒక్కటి ఖాళీగున్నా ఇంటికి రాకపోతుండె. గా లైటు ఎవనిది, గా మనిషి ఏడున్నడు, తెలిసేదాంక ఆడనే.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“గని మంచిదని దిగుతరా బిడ్డా? ఎప్పుడేమైతదో అందరికి ఎరుకే. అయినా దిగేటోన్ని మా ఆయన ఒక్కనాడు గూడ ఆపలేదు. ఎక్కిండా లేదా, గంతే చూసెటోడు.” అప్పుడు తలెత్తింది. “ఇయ్యాల నిన్ను ఎవలన్న ఆపిండ్రా?”

“లేదు.”

“బండెక్కుమన్నరా?”

“లేదు.”

“మరి గదేంది లొల్లి? కూసో, ఈనెలు తియ్యి.”

కూర్చున్నాను. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాను. వెనకాల ఉండటానికీ దారికి అడ్డం ఉండటానికీ తేడా ఉంటుందని నాకు అంతదాకా ఎవరూ చేసి చూపించలేదు. నాకేమైనా అయితే తెలుసుకునేవాళ్లుండాలి, కానీ నన్ను వెళ్లనివ్వాలి. ఈ చిన్న సంగతి నేను మా ఆయనకు రెండేళ్లలో ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రమే చెప్పాను. ఆటో అతను అప్పటికే ఫిర్యాదు చేసి ఉన్నాడు. “మాట తప్పాను, నిజమే” అని ఒప్పుకుని, అవ్వ చెప్పిందంతా చెప్పాను. “హిల్ వ్యూ ఇంటి నుంచి బయల్దేరి దారిలో పడిపోతే ఎవరికి తెలుస్తుంది, చెప్పు” అన్నాను. ఆయన కాగితం తీసుకుని, ఇంటి నుంచి బడి దాకా ఎవరెవరి గుమ్మాలు వస్తాయో నన్నడిగి వరసగా రాసుకున్నాడు. ఇంజనీర్లు లెక్క కుదిరేదాకా అంతే.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ ఆయన అవ్వ గుమ్మం దగ్గర ఆగడం నాకు లోపలికి వినిపించింది.

“ఆమె బడి చేరాక నాక్కూడా ఒక ఫోన్ చేయిస్తావా అవ్వా?”

“నీకెందుకు చేపిస్త బిడ్డా? ఒక్కనాడు జర ఆలస్యమైందంటె బండేస్కొని ఉరికస్తవ్.”

ఆయన చేతిలో బండి తాళాలు గలగలలాడాయి. నేను తలుపు దగ్గరికి జరిగాను.

“రాను” అన్నాడు మా ఆయన.

ఆ రెండక్షరాల కోసమే నేను హైదరాబాద్ వదిలి వచ్చానని అప్పుడు తెలిసింది.