మొదటి వన్స్‌మోర్

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఒకే ఒక్క మాట. పద్యనాటకం చూసిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన మాటే. దాన్ని నేనొకసారి అన్నాను, ఒక మనిషి పోయాడు. ఇంతవరకూ ఎవరితోనూ చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో ఈ పరాయి దేశానికొచ్చి హామిల్టన్‌లో పీహెచ్‌డీ చేసేవాణ్ణి. పాత జర్మన్ నాటకాల ప్రభావం ఆధునిక రష్యన్ కవిత్వం మీద ఎలా పడింది అన్నది నా విషయం. అది చదివితే ఉద్యోగం వస్తుందా అని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడిగేది. దాని గురించి తెలుగులో మాట్లాడటానికి ఈ దేశంలో నాకు దొరికిన మనిషి సత్యమూర్తి సార్ ఒక్కరే. హైదరాబాదులో రష్యన్ పాఠాలు చెప్పి రిటైరై, ఆంటీతో కలిసి మనురేవా అనే ఊళ్లో కూతురి దగ్గర ఉండేవారు. వయసులో ఉండగా తెనాలి వైపు పద్యనాటకాలు ఆడిన మనిషి. గర్వం ఎక్కువ. ఆ గర్వానికి తగ్గ గొంతూ ఉండేది.

నా థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం ఆయనకిచ్చాను. జర్మన్ నాటకంలో వీరుడు చావుకు ముందు నిలబడి తనతో తాను మాట్లాడుకుంటాడు. సొంత కవితలు అచ్చుకు నోచుకోని రోజుల్లో కొందరు రష్యన్ కవులు పూట గడవడానికి ఆ నాటకాలను అనువదించారు. అలా ఆ గొంతు వాళ్ల కవితల్లోకి దిగింది. రాజులూ కత్తులూ పోయాయి, స్టేజీ మీద ఒంటరి మనిషీ ఎదురుగా చీకటీ మిగిలాయి. ఇదీ నేను రాసింది. నాకు గొప్పగానే అనిపించింది. ఆయన మాత్రం ఒకరోజు భోజనాల దగ్గర, వచ్చినవాళ్లందరి ముందూ, పరీక్ష పేపరులా ఉందయ్యా అన్నారు. అంతా రాశావు గానీ ఆ చీకట్లో కూర్చున్నవాడెవడో రాయలేదు, నీకు తెలిస్తే కదా అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాలో పుండైంది.

తరవాత మన తెలుగువాళ్ల సభ ఒకటి పెట్టారు, మనురేవా పక్కనే టకానినిలో, ఒక హాల్లో. ఒక జర్మన్ వీరుడి చివరి మాటల్నీ, వాటి నీడ పడిన ఒక రష్యన్ కవితనీ సార్ తెలుగు పద్యాలు చేశారు. రెండూ వరసగా పాడి, ఒకే గొంతు ఎలా చేతులు మారిందో చూపిస్తానన్నారు. ఆదివారం మధ్యాహ్నం, చలికాలం, ఒకటే వాన. ఆంటీ, వాళ్లమ్మాయి వంటలు తీసుకుని ముందే వెళ్లిపోయారు. సార్‌ని తీసుకెళ్లే పని నాది.

కార్లో ఆయన నాలుక కింద మాత్ర పెట్టుకున్నారు. నేను చూడటం ఆయన చూశారు.

"డాక్టరు పై స్థాయిలో పాడొద్దన్నాడు. ఒక్కసారికి ఏం కాదులే. మీ ఆంటీతో అనకు."

"మానేద్దాం సార్."

"మానేస్తే ఇంక నేనెందుకు? ఒక పని చెయ్యి. లైట్ల దగ్గర నువ్వుండు. పద్యం అవగానే వేసెయ్. వెలుతురొస్తే ఎవరూ వన్స్‌మోర్ అనరు. అన్నారా, ఇక నేనాగలేను. స్టేజీ మీద చచ్చి పడున్నవాడు కూడా లేచి మళ్లీ పాడాల్సిందే. అది మా పద్ధతి."

"సరే సార్," అన్నాను.

హాల్లో కర్టెన్లు దించారు. నేను వెనక గోడ దగ్గర, స్విచ్చుల పక్కన నిలబడ్డాను. స్టేజీ మీద చిన్న దీపం, దాని వెనక ఆయన. మొదటి పద్యం నిదానంగా సాగింది. రెండోది, ఆ రష్యన్ కవిత, పైకి ఎక్కుతూ పోయింది. చివరి రాగంలో గొంతు ఒక్క క్షణం జీరపోయింది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. పద్యం అయింది. నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది.

వెయ్యలేదు.

"వన్స్‌మోర్," అని అరిచాను.

ఎందుకరిచాను? ఆయన చావాలనా? కాదు, ఒట్టు. ఆ గొంతు ఇంకొక్కసారి జీరపోవాలి, ఈసారి అందరికీ వినపడాలి, భోజనాల దగ్గర నవ్విన వాళ్లంతా ఆ జీర వినాలి అనుకున్నాను, అంతే. అంతేనా? పద్యం నిజంగా బాగుంది, మళ్లీ వినాలనీ ఉంది, ఆ రెండింటిలో ఏది ముందు పుట్టిందో ఎంత తవ్వుకున్నా నాకు తేలదు. తేలితే మాత్రం ఏం ఒరుగుతుంది? నా అరుపు వెంటే హాలు హాలంతా వన్స్‌మోర్ అంది. ఆయన స్విచ్చుల వైపు చూశారు. అక్కణ్ణించి నేను కనపడను. కాసేపు అలాగే చూసి, నవ్వి, గొంతెత్తారు.

పద్యం సగంలో ఉండగా మోకాళ్ల మీద కూలారు. జనం చప్పట్లు కొట్టారు. నటన అనుకున్నారు. ఆంటీ కూడా కొట్టింది. కాదని నాకొక్కడికే తెలుసు, అయినా లైట్లు వెయ్యడానికి చెయ్యి లేవలేదు. చప్పట్లు వాటంతటవే ఆగాకే వేశాను. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ గుండె ఎప్పుడైనా ఆగి ఉండేదేనని డాక్టర్లు తరవాత చెప్పారు. అది నాకు ఊరట కావాలి. కాలేదు. ఆ అధ్యాయం మళ్లీ రాశాను. చీకట్లో కూర్చున్నవాడి గురించి, నాటకం ముగింపు తెలిసీ మాట్లాడని వాడి గురించి రాశాను. పరీక్షకులు అదే అన్నిటికంటే బాగుందన్నారు. థీసిస్ ఆయనకే అంకితం ఇచ్చాను. అంత సిగ్గులేనితనం నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇప్పుడు నా ఇల్లు టకానినిలోనే. రైలు స్టేషనుకి ఆ హాలు పక్కనుంచే వెళ్లాలి. ఆంటీ నన్ను కొడుకులా చూస్తుంది. పండగొస్తే గిన్నెలో నాకు వాటా ఉంటుంది, తింటాను. మొదట వన్స్‌మోర్ అన్న ఆ మహానుభావుడెవరో తెలిస్తే చేతులు పట్టుకుని దణ్ణం పెడతానని, అంత సంతోషంలో పోవడం ఎంతమందికి దక్కుతుందని చాలాసార్లు అంది. నువ్వు వెనకే ఉన్నావుగా, ఎవరో చూశావా అని ఒకసారి అడిగింది. చీకటిగా ఉందని చెప్పాను.

ఏటా ఆయన పేరు మీద అదే హాల్లో పద్యాలు పాడతారు. చివర అందరూ కలిసి వన్స్‌మోర్ అంటారు, అది మావాళ్ల ఆనవాయితీ అయిపోయింది. నేను పెదాలు కదుపుతాను. ఈ ఏడు సార్ మనవరాలు పాడుతోంది. పాపకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు. అయినా ఆ రష్యన్ పద్యమే నేర్చుకుంది. నిన్న ఆంటీ ఫోన్ చేసింది.

"ఈసారి మొదటి వన్స్‌మోర్ నువ్వే అనాలి నాన్నా. మీ సార్‌కి నువ్వంటే ప్రాణం."

"సరే ఆంటీ," అన్నాను. ఆ రోజు కార్లో అన్నట్టే.

ఆదివారం నేను అరుస్తానో, ఆంటీ పక్కన కూర్చుని నిజం చెబుతానో, అసలు వెళ్లనే వెళ్లనో తెలియదు. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది. చెప్పకపోతే ఆమె చేతి అన్నం తింటూనే ఉంటాను. దేనికీ ధైర్యం చాలడం లేదు. మీకు మాత్రం చెప్పాను, గొంతులో కాస్త గాలి ఆడుతోంది.

ఆ మొదటి వన్స్‌మోర్ నాది.