నాలుగు వేళ్లు ఒంగిన రింగు

ఫిబ్రవరి 9. మా వీధి చివరి బాస్కెట్‌బాల్ కోర్టులో పెళ్లి పందిరి వేశారు. పందిరి తాళ్లు తెచ్చి రింగుకు కట్టారు. అభ్యంతరం చెప్పాను. చేతిలో లడ్డూ పెట్టి పంపారు.

ఫిబ్రవరి 26. రింగుకు తాళ్లు కట్టడం గురించి మైదానం నడిపే కమిటీకి మొదటి ఉత్తరం. అందినట్టు రసీదు ఇవ్వలేదు.

జూన్ 15. కమిటీ తరఫున ఆడే పద్నాలుగేళ్ల లోపు బాలికల జట్టుకు ఎంపిక. మా మనవరాలికి చోటు దక్కలేదు. చెప్పిన కారణం, ఎత్తు చాలదని.

జూన్ 18. రెండో ఉత్తరం, రింగు కొలతలతో సహా. జవాబు లేదు.

సెప్టెంబర్ 8. జవాబు దొరికింది. గేటు దగ్గర, నోటిమాటగా: "వచ్చే ఏడు చూద్దాం మేడం."

జనవరిలో మా మనవరాలికి పద్నాలుగేళ్లు నిండుతాయి. ఆ జట్టులో ఆడే అర్హత ఈ డిసెంబరుతో ముగిసిపోతుంది. ఆ మాట అన్న కమిటీ కార్యదర్శికి ఈ సంగతి తెలియనిది కాదు. దరఖాస్తులో పుట్టిన తేదీ నేనే నింపాను, ఎవరికైనా అర్థమయ్యే దస్తూరీతో.

లక్డీకాపూల్‌లోని ఒక కార్యాలయంలో రికార్డుల విభాగంలో నేను ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. కాగితం మీదికి రానిది జరగనట్టే లెక్క అని నేర్పిన ఉద్యోగం అది. పదవీ విరమణ తరువాత ఆ అలవాటు మనవరాలి ఆట మీదికి మళ్లింది. అబిడ్స్‌లో ఒక పొడవాటి రిజిస్టరు కొని, జనవరి నుంచి రోజూ సాయంత్రం కోర్టు పక్కన మెట్ల మీద కూర్చుని, ఎన్ని వేసింది, ఎన్ని పడ్డాయి అన్నది రాస్తూ వచ్చాను. ఫ్రీ త్రో గీత మీద నిలబడి పది బంతులు వేస్తే జనవరిలో మూడు పడేవి. మేలో ఎనిమిది పడ్డాయి. ఆ పేజీని ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించాను.

ఎంపిక హిమాయత్‌నగర్ వైపు ఒక పాఠశాల కోర్టులో జరిగింది. పదింట్లో రెండు పడ్డాయి. తక్కిన ఎనిమిదీ రింగు ముందు అంచుకు తగిలి, చూసేవాళ్లు నవ్వేంత గట్టిగా వెనక్కి వచ్చాయి. మా వాడకట్టు నుంచి వెళ్లిన మరో ముగ్గురు అమ్మాయిలదీ అదే గతి. తిరుగు ప్రయాణంలో ఆటోలో నేను ఎత్తు గురించి ఆగ్రహంతో మాట్లాడుతూనే ఉన్నాను. పిల్ల రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

వాడకట్టు పిల్లలకు ఆట నేర్పేది రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పాత ఆటగాడు. అందరూ సారు అంటారు. ఆ సాయంత్రమే ఆయన ముందు రిజిస్టరు తెరిచి, ఇదీ అన్యాయానికి సాక్ష్యం అన్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదివారు.

"మంచిగ రాసిన్రు మేడం. ఎన్ని పడ్డయో ఉంది. ఎట్ల పడ్డయో ఏడ రాసిన్రు?"

"పడ్డాక ఎట్లా పడితే ఏమిటి?"

"గదే తెల్వాలె. బిడ్డ బంతి పైకి లేస్తలేదు. సాపుగ పోతుంది. నేను చెప్పిన, జర ఎత్తుకెయ్యమని. పడుతుంది కద సారూ, అమ్మమ్మ రాసింది కద అన్నది. గట్లా సాపుగ పోయే బంతి సక్కటి రింగుల పడదు. మరి గీడ ఎట్ల పడుతుంది?"

ఆ ప్రశ్న నన్ను నిద్ర పోనివ్వలేదు. జూన్ 17 ఉదయం ఇనుప టేపు, నిచ్చెన సిద్ధం చేసి మైదానం కాపలాదారును పైకి ఎక్కించాను. రింగు వెనుక భాగం నేల నుంచి సరిగ్గా పది అడుగులు. ముందు అంచు దగ్గర నాలుగు వేళ్లు తక్కువ. ఇనుము మీద తాడు ఒరుసుకున్న చోట రంగు లేచిపోయి ఉంది.

"టెంట్ హౌసోళ్లు గుంజి కట్టిన్రు మేడం," అన్నాడతను నిచ్చెన మీది నుంచే. "జర ఒంగింది. నాలుగు వేళ్లకు గింత ఫికరా? పిల్లలకు అల్కగైంది కద."

అతను చెప్పింది నిజం. తేలికే అయింది. ముందుకు ఒంగిన రింగు, నోరు తెరుచుకుని ఉన్న సంచి లాంటిది. సాపుగా విసిరిన బంతినీ మింగేస్తుంది. నాలుగు నెలలు నలుగురు అమ్మాయిలు ఆ రింగు కింద తప్పు పద్ధతి నేర్చుకున్నారు. నేను ప్రతి తప్పుకూ పక్కన టిక్కు పెట్టాను. ఉద్యోగంలో కొలత లేని ఏ ఫైలు మీదా సంతకం చేయని దాన్ని, పందిరి విప్పిన మరునాడైనా రింగును కొలవలేదు. ఈ తప్పు నాది. దీన్ని కమిటీ మీదికి నెట్టను. రింగు ఒంచినది మాత్రం వారు వేయనిచ్చిన పందిరి.

సంగతి పిల్లకు చెప్పాను.

"అంటే అమ్మమ్మా, నాకు ఆట రాదు, నీకు రాయరాదు. ఇద్దరం ఫెయిలే కదా."

"ఔ," అన్నాను.

సారు నలభై రోజులు రింగు వైపు చూడవద్దన్నారు. గోడ చాలన్నారు. కోర్టు వెనుక గోడ మీద సున్నంతో ఒక గీత గీశారు. బంతి లేచి ఆ గీత దాటి తగలాలి. పాదాలు భుజాల వెడల్పున ఉండాలి, మోకాళ్లు వంగాలి, మోచేయి బంతి కిందికి రావాలి, బంతి వదిలాక మణికట్టు వాలి అలాగే ఆగాలి. ఎడమ చేత్తో బంతిని నేలకు కొడుతూ కోర్టు చుట్టూ ఇరవై చుట్లు, తల ఎత్తే ఉంచి. పాత రిజిస్టరు మూసి కొత్తది తెరిచాను. అందులో పడినవాటికి గడి లేదు. పాదాలు, మోచేయి, ఎత్తు, ఈ మూడే.

కోర్టు ఎదుట ఉస్మానియా బిస్కెట్లు అమ్మే అతనికి ఇది రోజూ వినోదం. "ఏంది బిడ్డా, గోడకు పాఠం అప్పజెప్తున్నవా? అది పాసైందా ఇంక?"

"గోడ పాసైంది అంకుల్. అమ్మమ్మే ఇంకా సప్లిమెంటరీ రాస్తుంది."

పదకొండో రోజు పిల్ల బంతి విసిరికొట్టి ఇంటికి వచ్చేసింది. పన్నెండో రోజు నేను పిలవకముందే బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది. రెండు రోజులూ రిజిస్టరులో ఉన్నాయి.

ఆగస్టు మొదటి వారం నుంచి వారానికి మూడు సాయంత్రాలు సిటీ బస్సులో హిమాయత్‌నగర్ వెళ్లాము, ఎంపిక జరిగిన అదే కోర్టుకు. నేను ముందు రింగు కొలిచాను. అక్కడి పిల్లలు నవ్వారు, నవ్వనిచ్చాను. మొదటి రోజు పదింట్లో మూడు. నెలాఖరుకు ఆరు. సెప్టెంబర్ 6న తొమ్మిది పడ్డాయి. ఆ తొమ్మిదీ పైకి లేచి, వల మాత్రమే కదిలేలా దిగాయి. పదోది కూడా ఎత్తుగానే వెళ్లింది, కుడివైపుకు తప్పింది. ఎందుకు తప్పిందో నేను అడగకముందే పిల్ల చెప్పింది: "ఎడమ పాదం ముందుకు జరిగింది. రాసుకో."

రాసుకున్నాను. పిల్ల ఎత్తు జూన్‌లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. మిగిలిన ముగ్గురూ సారు దగ్గర అదే గోడ మీద అదే పాఠం పూర్తి చేశారు. వారు జట్టులోకి రాగలరా అన్న సందేహం నాకు లేదు. వారిని ఎవరైనా చూస్తారా అన్నదే మిగిలింది.

కాబట్టి మైదానం కమిటీ కార్యదర్శిగారిని ఈ వ్రాతమూలంగా కోరుతున్నాను. ఆ రింగును సరిచేసి, నలుగురి ఎదుట కొలిపించాలి. పందిరి తాళ్లు ఇకపై రింగుకూ స్తంభానికీ కట్టరాదని గేటు మీద రాయించాలి. ఒంగిన రింగు కింద సాధన చేసిన నలుగురు బాలికలకూ డిసెంబరు పోటీల జట్టు ఖరారయ్యే లోపు తిరిగి పరీక్ష పెట్టాలి. ఇందులో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే కారణమేమిటో, ఈ లేఖ అందిన పదిహేను రోజులలోగా తేదీ, హోదా, సంతకంతో నాకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. గేటు దగ్గర చెప్పిన మాటను జవాబుగా స్వీకరించను.