మధ్యలో ఆగిన గాలి

ఎనభైల మొదట్లో నేను దమ్మపేట దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్ళాను. ఆ వేసవి చివర ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మామిడికాయలు టపటపా రాలుతున్నాయి. పెంకులు లేచిపోతున్నాయి. అందరం ఇంట్లోకి పరుగెత్తాం. మా అత్తయ్య మాత్రం ఇంట్లోంచి బయటికి పరుగెత్తింది.

వాకిట్లో కొబ్బరిచెట్టుండేది. దాన్ని రెండు చేతులా కావలించుకుని, చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. మామయ్య గొడుగు తీసుకుని వెనకే వెళ్ళారు. ఆ గాలికి గొడుగు తిరగబడింది. దాన్ని ఎలాగో మడిచి చంకలో పెట్టుకుని, ఆమె వీపు మీద చెయ్యేసి, తనూ తడుస్తూ నిలబడ్డారు.

నేను గడపలోనే ఆగిపోయాను. పొలం పనులకొచ్చే కోయగూడెం ఆవిడ ఆ వేళ మా వసారాలోనే తలదాచుకుంది. నా మొహం చూసి దగ్గరికొచ్చింది.

"నువ్వు కొత్త గదా, నీకు తెల్వదు బిడ్డా. గాలొస్తే అమ్మ గట్లనే చేస్తది. లాగితే ఇంకింత గట్టిగ పట్టుకుంటది. పోయి పొయ్యి మీద నీళ్ళు పెట్టు. లోపలికొచ్చినంక చలికి వణుకుతది" అంది.

నీళ్ళు కాగేసరికి గాలి పూర్తిగా పోయింది. నేను చెట్టు దగ్గరికెళ్ళి, "గాలి ఆగింది గదా అత్తయ్యా, లోపలికి రండి" అన్నాను.

ఆమె కళ్ళు తెరవలేదు. "ఆగలేదమ్మా. ఎవర్నీ బయటికి పోనివ్వకు" అంది.

చీకటి పడేదాకా ఆ చెట్టును వదల్లేదు.

మా అత్తింటివాళ్ళది అసలు బందరు వైపు సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఉప్పెన వచ్చిందని, అందులో అత్తయ్య చెల్లెలు పోయిందని, ఆ తరువాతే భూములమ్ముకుని ఈ అడవి పక్కకు వచ్చారని మా ఆయన చెప్పాడు. ఇక్కడ పొలం చూడడానికి వచ్చినప్పుడు నేల ఎలాంటిదని గానీ, నీళ్ళెంత లోతులో పడతాయని గానీ మామయ్య అడగలేదట. సముద్రం ఇక్కడికి ఎంత దూరమని అడిగారట. అంతకు మించి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. వానాకాలం వెళ్ళిపోతుండగా తుఫానుల పాఠం వచ్చింది. పిల్లలకు చూపించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం వసారాలో కూర్చుని డ్రాయింగ్ షీటు మీద తుఫాను బొమ్మ గీస్తున్నాను. అత్తయ్య పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏంటమ్మా అది, ముగ్గులా ఉంది?"

చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, చెప్పాను. "తుఫాను, అత్తయ్యా. పైనుంచి చూస్తే ఇట్లా ఉంటుంది."

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "అసలెలా పుడుతుందమ్మా అది?" అని అడిగింది.

సముద్రంలో నీళ్ళు బాగా వేడెక్కితే ఆవిరి పైకి లేస్తుందని, అది లేచిన చోటికి చుట్టుపక్కల గాలంతా పరుగెత్తుకొస్తుందని, భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ గాలి తిన్నగా రాలేక సుడి తిరుగుతుందని చెప్పాను. మన బంగాళాఖాతంలో పుడితే తుఫాను అంటాం, అమెరికా పక్క అట్లాంటిక్‌లో పుడితే హరికేన్ అంటారు, జపాన్ వైపు టైఫూన్ అంటారు, పేర్లే వేరు, పుట్టుక ఒకటే అన్నాను.

"మరి ఎండాకాలం బీడీలకని తునికాకు ఆరబోసే కల్లాల్లో ఆకులెగరేసుకుపోయే సుడిగాలో?"

"అది ఎండకు నేల కాలి లేచేది. పాపం, దానికంత బలం లేదు. అమెరికా మైదానాల్లో టోర్నడో అని ఇంకోటి వస్తుంది. ఉరుముల మబ్బులోంచి ఏనుగు తొండంలా నేలకు దిగుతుంది. దారిలో ఉన్న ఇళ్ళను పీకేస్తుంది గానీ, సన్నగా వచ్చి కాసేపట్లో పోతుంది. తుఫాను అట్లా కాదు. జిల్లాలకు జిల్లాలే కప్పేస్తుంది. అయితే దాని తిండంతా సముద్రపు ఆవిరే. నేల మీదికొచ్చాక తిండి దొరక్క నీరసపడుతుంది. మన దాకా వచ్చేసరికి మిగిలేది ఎక్కువగా వానే."

అత్తయ్య బొమ్మ మీదికి వంగింది. "మధ్యలో గుండ్రంగా తెల్లగా వదిలేశావేం?"

"అది తుఫాను కన్ను. అక్కడ గాలుండదు. కన్ను ఊరి మీదికొస్తే అంతా ఆగిపోయినట్టుంటుంది. ఒక్కోసారి ఆకాశం కూడా తేటపడుతుంది. అది దాటగానే రెండో పక్క గాలి అందుకుంటుంది, ఎదురు దిక్కు నుంచి."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. తరువాత, బొమ్మనే చూస్తూ చెప్పింది.

"ఆ రోజు నేను పుట్టింట్లో ఉన్నాను. గాలి ఆగిపోయిందమ్మా. చుక్కలు కూడా కనిపించాయి. దూడ అరుస్తోంది. నేనే అన్నాను చెల్లెలితో, గాలి తగ్గిందిగా, వెళ్ళి దూడను విప్పుకొచ్చెయ్యవే అని. అది వెళ్ళింది. మళ్ళీ గాలొచ్చింది, సముద్రం వైపు నుంచి. వెనకే నీళ్ళు. నాకు కొబ్బరిచెట్టు దొరికింది. దానికేం దొరకలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇది ఆ రోజు ఎవరికైనా తెలుసా అమ్మా? మధ్యలో ఇలా ఆగుతుందని?"

"మీ ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది అత్తయ్యా? నేనే కాలేజీలో చదువుకుంటే తెలిసింది."

"మా నాన్నకీ తెలియదు. ఆయనా బయటికొచ్చి పైకి చూసి, గండం గడిచిందిరా అన్నాడు." బొమ్మ మధ్యలోని తెల్లటి చోట వేలు పెట్టింది. "ఆయనకే తెలియంది నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు అత్తయ్యా. తెలిసే దారే లేదు."

అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. చిక్కుడుకాయల చేట ఒళ్ళో అలాగే ఉంది.

సాయంత్రం మామయ్య పొలం నుంచి రాగానే ఆయన్ను వసారాలో కూర్చోబెట్టి, ఆ షీటు ముందు పరిచి, వేలితో చూపిస్తూ అంతా తనే చెప్పింది. చెల్లెల్ని తాను పంపిన సంగతి ఆయన వినడం కూడా అదే మొదటిసారి.

"ఇన్నేళ్ళూ ఒక్కదానివే మోశావా? నాతో చెప్పకూడదూ?" అన్నారాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచి అక్కడే కూర్చున్నారు.

ఆ కార్తీకంలోనే బంగాళాఖాతంలో తుఫాను పుట్టింది. అత్తయ్య రేడియో దగ్గరే ఉండిపోయింది. "తీరం దాటిందటమ్మా. ఇక తిండి లేదుగా దానికి?" అని నన్నే అడిగింది. మర్నాడు మా ఊళ్ళో ఈదురుగాలి, ఎడతెరిపి లేని వాన. మామయ్య అలవాటు కొద్దీ గొడుగు తీసుకుని గడప దాకా వెళ్ళి వెనక్కి చూశారు. అత్తయ్య మంచం మీదే ఉంది. మంచంపట్టె గట్టిగా పట్టుకుంది గానీ లేవలేదు.

"ఆ వానలో ఎక్కడికండీ?" అంది.

ఆయన గొడుగు గోడకు ఆనించి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. గాలి ఆగాక కూడా ఆమె చెవులు రిక్కించి విని, "ఇక వెళ్ళండి" అనేదాకా మేమెవరం గడప దాటేవాళ్ళం కాదు. తరువాత పుట్టిన మా పిల్లలు కూడా అది ఇంటి మర్యాద అనుకునే పెరిగారు.

కానీ ఆ ఏడాది నుంచి అత్తయ్య చెల్లెలి గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. అన్నంలోకి ఎండుచేప లేకపోతే అలిగేదట. పాట సగమే వచ్చినా ఊరంతా వినేలా పాడేదట. "మా పెళ్ళిలో నా చెప్పులు గడ్డివాములో దాచింది. మూడో రోజుకి గానీ దొరకలేదు" అన్నారు మామయ్య ఒకసారి, భోంచేస్తూ.

"దొరికింది ఒక్కటేగా" అంది అత్తయ్య. ఇద్దరూ నవ్వారు.