లేని కొలను చుట్టూ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా అమ్మమ్మ లేని కొలను చుట్టూ తిరిగింది. గోపాల్‌పేట అవతల మా తాతల నాటి గడి, కోటలాంటి పాత ఇల్లు; దాని పక్కన పిచ్చిగా పెరిగిన తోట. పట్నంలో చదువుకున్న మా చిన్నమామ సెలవులకు వచ్చి, తోట రూపమే మార్చేస్తానన్నాడు. కాగితం మీద పెద్ద కొలను గీశాడు, నడుమ ఫౌంటెన్. నేను వెంటనే ఆయన పక్షం చేరాను. ఇంట్లో ఎవరు గట్టిగా అరిస్తే నాది వాళ్ల పక్షమే.

మర్నాడే తవ్వేవాళ్లు రావాలి. అమ్మమ్మ వద్దనలేదు. "గీ కాగితం నాకు తెల్వదు బిడ్డా. ఎంతుంటదో గంత, నేల మీద ముగ్గుపిండితోని గియ్యి" అంది నాతో. మామా నేనూ పురికొస పట్టి గీశాం. కొలను సరిగ్గా వంటింటికీ బావికీ నడుమ పడింది. మాకది పట్టలేదు.

అమ్మమ్మ బిందె తీసుకుని బయల్దేరింది. గీత దగ్గర ఆగి, ముగ్గు తొక్కకుండా చుట్టూ పోయింది. నిండు బిందెతో మళ్లీ చుట్టూ వచ్చింది. అసలే మోకాళ్ల నొప్పుల మనిషి. మలుపు మలుపుకూ ఆగి నడుం పట్టుకుంటుంటే నాకు కాలు నిలవలేదు.

"గాడ ఏం లేదు అమ్మమ్మా! తొక్కుకుంట రా!"

"ఎట్ల లేదే? నువ్వే గీస్తివి గద. మునుగుత."

"ఉత్త ముగ్గే గదా!"

"నీకు ముగ్గు. నాకు నీళ్లు."

బిందె లాక్కోబోతే ఇవ్వలేదు. మామ మొదట నవ్వాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. "అమ్మా, జర అవతలికి జరుపుదాం తీ" అన్నాడు.

"జరుపు. ముందు గీసి చూపియ్యి, మల్ల తిరుగుత" అంది ఆవిడ.

చివరికి సీతాఫలం చెట్ల అవతల ఓ చిన్న తొట్టి కట్టారు.

ఇప్పుడు ఆ తోటను మళ్లీ మారుస్తున్నాం. గడిలో అతిథులకు బస ఏర్పాటు చేయాలని చుట్టాలంతా కలిసి అనుకున్నాం. డిజైనర్ అమ్మాయి ఫోన్లో రంగుల బొమ్మలు చూపిస్తే, ముగ్గుపిండి సంచి ఆమె చేతిలో పెట్టాను. ఎదురు చెప్పకుండా గీసేసింది. ఎదురు చెప్పనివాళ్లతో నాకు వేగడం కష్టం.

ఆ ముగ్గులో గులాబీల మడి మాత్రం నేను పట్టుబట్టి గీయించుకున్నదే. అది సరిగ్గా వంటింటి గుమ్మానికి అడ్డంగా పడింది. పొద్దుటి నుంచి చుట్టూ తిరుగుతున్నాను. మోకాలు సలుపుతోంది. ఆ అమ్మాయి వరండాలో కూర్చుని చూస్తోంది కానీ తొక్కుకుంటూ రమ్మని ఒక్క మాటైనా అనదు. జరపమని నా నోటితో నేనే అనాలి. ఇంకొక్కసారి తిరిగొచ్చి అంటాను.