అమదోర్ ఆపేసిన పాఠం

దోరోయ్ సముద్రం నుంచి ఇంటికి వెళ్లాడో లేదో తెలుసుకోవాలంటే అతని గుమ్మం దాకా పోనక్కర్లేదు. నా హోటలు ముందు ఇసుక చూస్తే చాలు. కొత్తవాళ్లకు సర్ఫింగ్ నేర్పే బోర్డు తొమ్మిదడుగులుంటుంది. ఇద్దరు మోయాలి. దోరోయ్ ఒక్కడే ముందు కొస చంకలో ఇరికించుకుని నడుస్తాడు, వెనక కొస ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తుంది. నీటి అంచు నుంచి నా పొయ్యి ముందుగా అతని పాక దాకా రోజూ ఒక గీత. పదకొండేళ్లుగా సాయంత్రం నీళ్లకు వెళ్లిన ప్రతిసారీ నేను ఆ గీత దాటే వెళ్లాను.

అంతకుముందు గీత లేదు. వెనక కొస అతని అన్న అమదోర్ పట్టుకునేవాడు.

అన్నదమ్ములిద్దరూ నా కళ్ల ముందు పెరిగినవాళ్లే. మా బాలేర్ వైపు తీరంలో సర్ఫింగ్ నేర్పేవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. దోరోయ్ నెమ్మది. అమదోర్ నోరు మాత్రం చర్చి గంట. దానికి తోడు మొండితనం. బోర్డు మీద నిలబడేదాకా ఎవరినీ ఇంటికి పంపడు. ఒకసారి మనీలా నుంచి వచ్చిన లావుపాటి ఫాదర్‌ని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నీళ్లలో నానబెట్టాడు. ఆయన బోర్డు మీద మోకాళ్ల వరకూ లేచి, "నాయనా, నాకు మోకాళ్ల మీద ఉండటం అలవాటే, ఈపాటికి చాల్లే" అన్నాడట. "మోకాళ్లు దేవుడికి ఫాదర్! సముద్రానికి పాదాలు కావాలి!" అని అరిచి మళ్లీ తోశాడు మావాడు. ఆ కేక నా హోటల్లోకి వినిపించింది. చివరికి ఫాదర్ నిలబడ్డాడు. ఆ రాత్రి నా దగ్గర ముగ్గురి భోజనం చేశాడు.

ఇక ఆ పిల్ల సంగతి. పేరు చిహారు, జపాన్ నుంచి వచ్చింది, పంతొమ్మిదేళ్లు. ఒంటరిగా దేశాలు తిరగడం అదే మొదలు. మూడు పాఠాలు చెప్తానని అమదోర్ ఒప్పుకున్నాడు. మొదటి రోజు పడుతూనే ఉంది. రెండో రోజు నీళ్లు లోపలికి లాగేశాయి. కాలికి కట్టిన తాడు తెగి ఆమె బోర్డు ఎటో కొట్టుకుపోయింది. అమదోర్ ఈదుకుంటూ వెళ్లి తన బోర్డు మీద ఆమెను పడుకోబెట్టి, వెనక నుంచి కాళ్లు పట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. ఒడ్డు నుంచి అందరం చూస్తూనే ఉన్నాం. ఒక పెద్ద అల విరిగింది. బోర్డు ఒడ్డుకొచ్చింది. దాని మీద ఆ పిల్ల ఒక్కతే ఉంది. మూడో రోజుకు ఏటి మొగలో అమదోర్ దొరికాడు.

మా దగ్గర ఎవరైనా పోతే శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ జనం వచ్చి కూర్చుని పోతుంటారు. అలా కూర్చుని లేచినవాళ్లు నేరుగా ఇంటికి పోకూడదు. మధ్యలో ఎక్కడైనా ఆగాలి, ఒక గుక్క ఏదైనా తాగాలి. లేకపోతే పోయినవాడు వెంట వచ్చేస్తాడు. మా తీరంలో అందరూ ఆగేది నా హోటల్లోనే. వచ్చి, కాఫీ తాగి, చచ్చినవాణ్ణి నా బల్లల దగ్గర దులిపేసి పోతారు. నలభై ఏళ్లుగా ఇదే తంతు. నా వంటింట్లో ఎంతమంది ఉండిపోయారో ఆ దేవుడికే తెలియాలి.

అమదోర్ శవం దగ్గర నుంచి లేచి దోరోయ్ మాత్రం ఆగలేదు. "ఒరేయ్, కాఫీ తాగి వెళ్లు" అని ఎన్నిసార్లు కేకేసినా వినలేదు, తన పాకకు తిన్నగా నడిచాడు. కావాలనే వెళ్లాడు. అన్న వెంట రావాలని వెళ్లాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే రెండు కప్పుల కాఫీ పోసి ఒకటి మెట్టు మీద పెట్టడం మొదలెట్టాడు. అన్న వచ్చి ఉంటున్నాడని ఊరంతా నమ్మేసింది. "ఒకడికి ఫీజు కడితే ఇద్దరు మాస్టార్లు" అని కుర్రాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. చేస్తూనే సాయంత్రమైతే ఆ పాక వైపు పోయేవాళ్లు కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, నాకు ఇష్టం లేకపోయినా. అదే మధ్యాహ్నం చిహారు కూడా అమదోర్ ఇంటికి వచ్చింది. శవం ముందు నేల మీద నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. ఎవరూ పలకరించలేదు. లేచి, అందరూ ఎక్కడికి పోతున్నారో చూసి వాళ్ల వెనకే నా హోటలు దాకా వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మా బిడ్డను మింగి నా బల్ల ముందు కూర్చుంటుందా అనిపించింది. ఆమె మొహం మీదే రేకు తలుపు లాగేశాను. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరూ వద్దనలేదు. రేకు సందులోంచి ఆమె బూట్లు కాసేపు కనిపించాయి. తర్వాత వెళ్లిపోయాయి. అటు నుంచి అటే మనీలా వ్యానెక్కి, విమానమెక్కి, నేరుగా ఇంటికి పోయింది.

పోయిన నవంబర్లో, ఈశాన్యపు గాలి తిరిగి అలలు లేస్తున్న వారం, ముప్ఫై ఏళ్ల మనిషొకామె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కూర్చోలేదు.

"ఈ రోజు తెరిచి ఉందా అండీ?" అంది.

ఆ ఒక్క మాటతో గుర్తుపట్టాను. చేతిలో గరిటె గంజిలోకి జారిపోయింది. తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపమే ముందొస్తుంది. "తెరిచే ఉంది. కళ్లు లేవా? కూర్చో" అన్నాను.

అల్లం గంజి పెట్టాను. ఈ పదకొండేళ్లలో మా భాష నేర్చుకుంది. పుస్తకాల్లోంచి నేర్చుకుందేమో, ఒక్కో మాటా ఇస్త్రీ చేసినట్టు పలుకుతోంది.

"దోరోయ్ గారి దగ్గర ఒక పాఠం నేర్చుకోవాలి. మూడని ఒప్పందం. రెండు అయ్యాయి."

"సముద్రం చాల్లేదా నీకు? మళ్లీ ఎందుకొచ్చావ్?"

చెంచా పక్కన పెట్టింది. "నీళ్లలో కాలు పెడితే మడమ వెనక ఒక చెయ్యి ఉంటుందండీ. సముద్రంలోనే కాదు, మా ఇంట్లో స్నానాల తొట్టిలో కూడా. అది లాగదు. తోస్తుంది. నేను లేచి నిలబడేదాకా తోస్తూనే ఉంటుంది. పదకొండు సంవత్సరాలుగా నేను నిలబడే స్నానం చేస్తున్నాను."

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"మొదట భయం. తర్వాత సిగ్గు. నా వల్ల ఆయన ఇంటికి వెళ్లలేకపోతున్నారు. నిలబడితే వదిలేస్తారేమోనని వచ్చాను." తల వంచుకుని అంది: "శవం దగ్గర నుంచి వచ్చేవాళ్లు మధ్యలో ఎందుకు ఆగాలో నాకు తర్వాత తెలిసిందండీ. చదివాను."

ఆ మాట మామూలుగానే అంది. అది నిష్ఠూరమైనా బాగుండేది, ఎదురు తిట్టి బతికిపోయేదాన్ని. అమదోర్‌ని ఈ పిల్లకు అంటగట్టింది నేను. ఒక్క కప్పు కాఫీ పొయ్యలేక పంతొమ్మిదేళ్ల పిల్ల వెనకాల చచ్చిన మనిషిని సముద్రాలు దాటించాను.

అంతలో దోరోయ్ బోర్డు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు.

"పొమ్మను ఆతె" అన్నాడు నాతో. నన్ను అక్కా అని పిలవడం అలా. ఆమె వైపు చూడలేదు.

పెరట్లోకి లాక్కెళ్లి అంతా చెప్పాను. విన్నాడు. కొబ్బరికాయల కుప్ప మీద కూలబడ్డాడు.

"అయితే నాతో రాలేదన్నమాట" అన్నాడు.

"అదేంట్రా, నీతోనే ఉన్నాడుగా?"

"నేనెప్పుడన్నాను? మీరంతా అన్నారు. నేను కాదనలేదు, అంతే."

"మరి రెండో కప్పు?"

"చల్లారిపోయేది. నేనే తాగేవాణ్ణి." అని మొహం కప్పుకుని, నలభై ఆరేళ్ల మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఒక్కరోజు కూడా రాలేదు ఆతె. ఒక్కరోజు. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నా."

పాఠానికి ఆమెకు ఉన్నది మూడు రోజులు. మూడో రోజు సాయంత్రం వ్యానుకు టికెట్టు కొనుక్కుని మరీ వచ్చింది. మర్నాడు పొద్దున దోరోయ్ ఆమెను ఇసుక మీద బోర్లా పడుకోబెట్టాడు. ఈత కొట్టినట్టు చేతులాడించడం, అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్కసారిగా లేచి కాళ్ల మీదకు రావడం, మోకాళ్లు వంచి ఒడ్డు వైపు చూడటం. అన్నీ వరసగా చెప్పాడు. ఆమె ఇసుక మీద చక్కగానే లేచింది. నీళ్లలోకి పోగానే అన్నీ తారుమారు. మొదటి రోజు పడింది. రెండో రోజు కూడా పడింది. మోచేతులు గీరుకుపోయాయి, ముక్కులోకి ఉప్పునీళ్లు, అయినా ప్రతిసారీ బోర్డు పట్టుకుని వెనక్కి నడిచింది. నీళ్లలో ఉన్నంతసేపూ పళ్లు కరుచుకునే ఉంది, ఆ చెయ్యి ఉందని చూస్తేనే తెలుస్తోంది.

నలభై ఏళ్లుగా ఒడ్డున కూర్చుని ఇదే చూస్తున్నదాన్ని. బోర్డు ఎక్కడం నాకు రాదుగానీ, బోర్డుని ఎప్పుడు తోయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అల వెనక కొసను ఎత్తినప్పుడు తోయాలి. దోరోయ్ అంతకన్నా ఒక్క క్షణం ముందు తోస్తున్నాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. ఇరవై ఏళ్లు నేర్పినవాడు చేసే పొరపాటు కాదది.

రెండో రోజు ఆమె గదికి వెళ్లాక అతని చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎందుకురా పడేస్తున్నావ్?"

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"నిలబడితే పాఠం అయిపోతుంది. అయిపోతే వాడు వెళ్లిపోతాడు. ఎక్కడికి పోతాడో ఏంటో. ఆ పిల్ల పక్కన నడుం లోతు నీళ్లలో నిలబడితే, ఆతె, నా వీపు వెనకాల ఎవరో ఉన్నట్టే ఉంది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. రేపు కూడా పడనీ. వచ్చే ఏడు మళ్లీ వస్తుందిలే."

"వచ్చే ఏడు దాకా ఆ పిల్ల ఏమైపోవాలి? మీ అన్న ప్రాణం పెట్టి ఒడ్డుకు తోసిన పిల్లనట్రా నువ్వు నీళ్లలో పడదోస్తున్నది?"

అతను రెండో చేత్తో బోర్డు అందుకోబోయాడు.

"నేను తలుపు మూశాను. నువ్విప్పుడు అదే పని చేస్తున్నావు. నాకైతే పదకొండేళ్ల దాకా తెలీలేదు. నీకు తెలిసి చేస్తున్నావు."

చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు. ఇసుకలో గీత వంకరటింకరగా పోయింది.

మూడో రోజు పొద్దున అలలు నడుం ఎత్తున, వరసగా వస్తున్నాయి. పొయ్యి మీద చేపల పులుసు మాడుతున్నా పట్టించుకోకుండా నీటి అంచుకు వెళ్లి నిలబడ్డాను. మొదటి అల వదిలేశాడు. రెండోదీ వదిలేశాడు. మూడో అల వచ్చింది. దోరోయ్ చేతులు బోర్డు మీదే ఉన్నాయి, కదలడం లేదు. తోయడేమో అనుకున్నాను. అల వెనక కొసను ఎత్తింది. సరిగ్గా అప్పుడు తోశాడు.

ఆమె మోకాళ్ల మీదకు లేచి అక్కడే ఆగిపోయింది. భయపడిపోయింది. వెనక నుంచి కేక వినిపించింది.

"మోకాళ్లు దేవుడికి! సముద్రానికి పాదాలు కావాలి!"

దోరోయ్ గొంతే. అతను అంత గట్టిగా అరవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆమె లేచింది. చేతులు బారజాపి, వణుకుతూ, నిలబడింది. ఒడ్డు ఇసుకకు బోర్డు తగిలేదాకా నిలబడే వచ్చింది. దిగి, చీలమండ లోతు నీళ్లలో ఆగి తన మడమ వైపు చూసుకుంది. తర్వాత, నేను చూస్తుండగానే, నెమ్మదిగా ఆ నీళ్లలో కూర్చుంది. చిన్న అలలు ఒళ్లోకి వచ్చి పోతున్నాయి. ఎవరూ తోయలేదు. అలాగే కూర్చుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

సాయంత్రం వ్యానుకు ముందు నా హోటలుకు వచ్చింది. రేకు తలుపులు రెండూ పైదాకా ఎత్తి, గాలికి పడకుండా రాళ్లు ఆనించి పెట్టాను. కాఫీ పోసి ఎదురుగా కూర్చుని చివరి చుక్క దాకా తాగించాను. లేచి ఏదో చెప్పబోయింది. "ఈ కాఫీకి థాంక్స్ చెప్పకూడదు. వెనక్కి చూడకుండా వెళ్లు తల్లీ" అన్నాను. వెళ్లింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అప్పుడు దోరోయ్ నీళ్లలోంచి వచ్చాడు. పొద్దుటి నుంచి ఒక్కడే అక్కడ ఉన్నాడు. ముందు కొస చంకలో పెట్టుకుని నా హోటలు ముందుకొచ్చాడు.

"దోరోయ్, కాఫీ తాగి పోరా!"

"ఆగను ఆతె" అన్నాడు, తల తిప్పకుండానే.

నాకు అర్థమైంది. మళ్లీ పిలవలేదు. తిన్నగా తన పాకకు నడిచాడు. తొందర లేకుండా, అడుగు చూసుకుని అడుగు వేస్తూ నడిచాడు. పాకలోకి వెళ్లాక చాలాసేపు తలుపు వెయ్యలేదు.

నీళ్లు అయిపోయాయి. బిందె తీసుకుని బయల్దేరాను. వెలుతురు ఇంకా ఉంది, గాలి లేదు, ఇసుక మీద ఒక్క మనిషి అడుగులు వరసగా కనిపిస్తున్నాయి. రోజూ దాటే చోట నా కాలు అలవాటుగా పైకి లేచింది. దాటడానికి అక్కడ గీత లేదు.