పిట్ట ముట్టిన మాట

మావాడు తాగి కారు నడుపుతాడంటే మా సూర్యాపేటలో ఎవరూ ఆశ్చర్యపోరు. తాగకుండా నడిపితేనే ఆపి అడుగుతారు, ఒంట్లో బాగాలేదా అని. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి వాడి పక్క సీటు నాకు శాశ్వతంగా రాసిపెట్టి ఉంది. వాడు మిర్యాలగూడలో వడ్ల వ్యాపారం చేస్తాడు, నేను సూర్యాపేటలో పంతులుగిరీ వెలగబెడుతున్నాను. నాకు కారు నడపడం రాదు. స్కూటర్ కూడా రాదని మా ఆవిడ అభిప్రాయం. అందువల్ల ఏ దావత్‌కు పోయినా వాడు స్టీరింగు పట్టుకుంటాడు, నేను తలుపు పైనుండే పిడి పట్టుకుంటాను.

చెప్పి చూడలేదా అంటే చెప్పని రోజు లేదు. బతిమాలాను, తిట్టాను, మాట్లాడటం మానేశాను. మానేసిన సంగతి వాడు గమనించలేదు. ఒకసారి తాళంచెవి నా లోపలి జేబులో దాచేశాను. వాడు పర్సులోంచి ఇంకో తాళంచెవి తీసి, "నీ అసొంటోళ్లుంటరనే చేయించి పెట్టుకున్న" అన్నాడు. పోలీసులు పైపు నోట్లో పెట్టి ఊదిస్తారురా అంటే జామాకులు నమిలితే సరిపోతుందన్నాడు. కారులో ఎప్పుడూ ఒక కవరు నిండా జామాకులుంటాయి. మేక ఎక్కిందంటే దిగదు.

"తాగినంక నేను ఇంకా పైలంగ నడుపుతరా. తాగనప్పుడే ఫోన్ల ధ్యాస ఉంటది" అనేవాడు. నేను పిడి ఇంకొంచెం గట్టిగా పట్టుకునేవాణ్ణి.

అంత ధైర్యవంతుడికి దయ్యాలంటే మాత్రం వణుకు. కారు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, వెనక ఒక నల్లతాడు, అద్దానికి ఒక తాయెత్తు. పిల్లి ఎదురొస్తే కారాపి మంచినీళ్లు తాగి మరీ కదులుతాడు. పిల్లికి ఆగుతాడు కానీ లారీకి ఆగడు. ఈ మనిషిని నేను నలభై ఏళ్ల నుంచి భరిస్తున్నాను.

మొన్నటి యాసంగి పంట కోతలప్పుడు నాకు నవ్వులాట చాలనిపించింది. మునగాల దాటి లోపలి రోడ్డున పోతున్నాం. అక్కడ రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలావిడ కాళ్లతో వడ్లు తిరగదోస్తూ నడుస్తోంది. మావాడు ఆవిడను చూశాడో లేదో నాకు తెలియదు. కారు వడ్ల మీదుగా పోయింది. ఆవిడ పక్కనున్న కాలువలోకి దూకింది. నేను అరిచిన అరుపుకు వాడు ఆపాడు. వెనక్కి పరిగెత్తాను. ఆవిడ మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఉంది, చీర కొంగులో వడ్లున్నాయి, పెదవులు అదురుతున్నాయి. తిట్టనైనా తిట్టలేదు. మావాడు కారులోంచి దిగకుండానే "ఏం గాలేదు కద అవ్వా?" అన్నాడు. ఏం కాలేదు కాబట్టి ఆ సాయంత్రం దాన్నొక జోకు చేసి నలుగురికీ చెప్పాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

వాడికి ఒక్కతే కూతురు. కోదాడలో ఇంజినీరింగు, హాస్టల్లో ఉంటుంది. ఆ పిల్ల చదువు గురించి వాడు చెప్పని మనిషి లేడు. "పండుగకు గూడ ఇంటికి రాదురా! నేనే కారేసుకొని పోత, తోల్కొని పోత బిడ్డా అంటే రికార్డు రాసేదుంది నాన్నా అంటది. గట్ల సదువుతది" అని ఛాతీ విరుచుకునేవాడు. ఒకసారి నేనూ వాడితో వెళ్లాను. గేటు దగ్గరికి నవ్వుతూ వచ్చింది, తండ్రి పక్కన నిలబడి వాళ్లమ్మ సంగతులు అడిగింది, సకినాల డబ్బా తీసుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది రికార్డు సంగతి. ఖాళీ కారుతో వెనక్కి వచ్చాం. దారి పొడుగునా మావాడు మురిసిపోతూనే ఉన్నాడు.

ఇక అసలు సంగతి. వాడి మేనమామ పోయాడు. మునగాల దగ్గరి ఊరే. ఈ మామే వాడికి చిన్నప్పుడు ట్రాక్టర్ తోలడం నేర్పింది. మామ కూడా తాగేవాడు, కానీ తాగాక మంచం దిగేవాడు కాదు. ట్రాక్టర్ తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టి, ఆ తర్వాతే కల్లు ముంత అందుకునేవాడట. దినాలకు మావాడు పొద్దున్నే మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వచ్చి నన్నెక్కించుకున్నాడు. అటునుంచి అటే కోదాడ పోయి బిడ్డను తీసుకుని ఇల్లు చేరాలని ప్లాను. "ఈసారి సెలవులు గద, రికార్డు లేదు ఏం లేదు, పట్కొస్త" అన్నాడు. నాకు ముసలావిడ కళ్లముందు మెదిలింది. ఆవిడ స్థానంలో ఇప్పుడీ పిల్ల, అదీ కారు లోపల.

మావైపు దినాల రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, పొలం గట్టు మీద ఉంచి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినాయన తిన్నట్టు లెక్క. అది ముట్టందాకా ఇక్కడ ఎవరూ ముద్ద ముట్టకూడదు. మామ విస్తట్లో మటన్, గారెలు, ఉడకబెట్టిన గుడ్డు, బీడీకట్ట, మూత తీసిన ఒక క్వార్టర్ సీసా పెట్టారు. బతికున్న నాకు ఇంతవరకు ఎవరూ అంత మర్యాద చేయలేదు.

కాకి వచ్చింది. వచ్చి కరెంటు తీగ మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది. ఎంతకీ దిగదు. ఎండ నడినెత్తికొచ్చింది. పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని పెద్దమనుషులు తేల్చారు. అలాంటప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ ముందుకొచ్చి పైకి మాటివ్వాలి. పెద్దకొడుకు వచ్చి, "బాపూ, తమ్మునితోని కొట్లాడను, రా" అన్నాడు. కాకి కదల్లేదు. చిన్నకొడుకు, "బాపూ, నీ బర్రెలను అమ్మను, రా" అన్నాడు. కాకి మెడ గోక్కుంది. కూతురొచ్చి ఏడ్చింది. కాకి అటు తిరిగి కూర్చుంది. వెనక వంట దగ్గర బగారా వాసన చంపేస్తోంది. మావాడు అప్పటికే కారు డిక్కీ దగ్గరికి రెండుసార్లు పోయొచ్చాడు. మూడోసారి వెళ్లబోతున్నాడు.

ఆకలో, ఎండో, కడుపులో దాచుకున్న కోపమో, నా నోరు నా మాట వినలేదు. ఆ ఇంటివాడిని కాదు, చుట్టాన్నీ కాదు. అయినా గట్టెక్కి గట్టిగా అరిచాను: "మామా! నీ మేనల్లుడు ఇగ తాగి బండి ముట్టడు! ఆని తరఫున నేను మాటిస్తున్న! వచ్చి తిను!"

కాకి దిగింది.

ఎందుకు దిగిందో నాకు తెలుసు. అప్పటిదాకా గట్టు కింద తచ్చాడుతున్న కుక్కను ఎవరో అదే క్షణాన అదిలించారు. నేను సైన్సు పంతులును, నా కళ్లతో చూశాను. కానీ ఊరందరూ కాకిని చూశారు, కుక్కను చూడలేదు. కాకి గుడ్డు మీద ఒక్క పోటు పొడిచి, మటన్ ముక్క ఎత్తుకుపోయింది. ఆడవాళ్లు బొబ్బ పెట్టారు. పెద్దమనుషులు చేతులు జోడించారు. మావాడు బిక్కచచ్చి నిలబడ్డాడు. వాడి మొహం అట్లా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు కలిగిన సంతోషం పది మందిలో చెప్పుకునేది కాదు.

భయం ఎంతసేపు? భోజనాల బంతిలో కూర్చున్నాడు, పక్కన బావమరుదులు కూర్చున్నారు, గ్లాసులొచ్చాయి. మటన్ అయిపోయేసరికి మాటా అయిపోయింది. చెయ్యి కడుక్కుని, జామాకులు నోట్లో వేసుకుని, "పారా, బిడ్డ ఎదురుసూస్తది" అంటూ కారు వైపు నడిచాడు. కాలు ఒకవైపు, మనిషి ఒకవైపు. నేను వెనకాల తిట్టుకుంటూ పోతున్నాను.

కారు దగ్గర వాళ్ల అత్త నిలబడి ఉంది. మామ భార్య. ఉత్త నుదురు, ఉత్త చేతులు. చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇయ్యి బిడ్డా."

"అత్తా, అది నేను అన్నమాట గాదు. ఈడు అన్నడు."

"ఎవలన్నా గాని, నీ మామ తిన్నడు కద."

"అత్తా..."

"తాగిన నాడు మీ మామ తాళంచెవి నా చేతులనే పెట్టేటోడు. ఇప్పుడు పెట్టేటోడు లేడు. నువ్వు పెట్టు."

మావాడు ఇచ్చాడు. ఆమె చెయ్యి అట్లాగే ఉంచింది.

"పర్సుల ఇంకోటుంటదట. అది గూడ."

ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారని మావాడు నావైపు చూశాడు. నేను కరెంటు తీగ వైపు చూశాను.

ఆటోలో హైవే దాకా వచ్చి కోదాడ బస్సెక్కాం. బస్సులో వాడి బాధ చూడాలి. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని లేని బ్రేకులు తొక్కుతూ, "ఆడు సూడు, ఎట్ల కట్ కొడుతుండో! వీనికి లైసెన్సు ఎవలిచ్చిన్రు?" అని కోదాడ దాకా గొణిగాడు. కండక్టర్ వచ్చి, "ఏమన్నా, ఎక్కడిదాకా, అసలు దిగ్గలవా నువ్వు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ మనసారా నవ్వాను.

హాస్టల్ గేటు దగ్గర పిల్ల ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చింది. తండ్రి పక్కన నిలబడింది. వాసన తెలిసే ఉంటుంది, మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. తర్వాత వాడి భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది.

"నాన్నా, కారేది?"

"మీ తాత ఊర్ల ఉంది."

"మరెట్లొచ్చిన్రు?"

"బస్సుల." ఆ మాట అనడానికి వాడికి ప్రాణం పోయినంత పనైంది.

పిల్ల వాడిని చూసింది, నన్ను చూసింది. "జర ఆగున్రి" అని లోపలికి పరిగెత్తింది. మేం అటూ ఇటూ చూసేలోగా బ్యాగు భుజాన వేసుకుని వచ్చేసింది. అంత తొందరగా ఎవరూ బ్యాగు సర్దుకోలేరు.

"రికార్డు రాసేది లేదా?" అన్నాడు మావాడు అయోమయంగా.

"రికార్డులన్నీ ఎప్పుడో అయిపోయినయ్ నాన్నా. ప్రతిసారి బ్యాగు సర్దుకునే ఉంటుంటి. నువ్వు తాగి వచ్చినవని చూసినంక, కారెక్కాలంటే భయమై అట్ల చెప్తుంటి. బస్సైతే వస్త."

కోపంగా అనలేదు. వేళకు బస్సుందా అని అడిగినంత మామూలుగా అంది. నాకు వడ్ల దగ్గరి ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ కాలువలోకి దూకింది. ఈ పిల్ల దూకడానికి చోటు లేక, పండుగలకు సైతం ఆ హాస్టల్ గదిలో ఒక్కతే కూర్చుంది.

మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డాం. మావాడు కూతురి భుజం మీది బ్యాగు తీసుకుని తన భుజాన వేసుకున్నాడు, కాసేపయ్యాక నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఊరంత చెప్పుకున్న కదరా, నా బిడ్డ మస్తు సదువుతదని" అన్నాడు.

బస్సొచ్చింది. పిల్ల ముందెక్కి, వాడికి కిటికీ పక్క సీటు పట్టింది.