మేష్టారు మోసిన మ్యాచి

మా మేష్టారు పోయారన్న సంగతి సోమవారం ఉదయం అమలాపురం బస్టాండులో తెలిసింది. చెప్పింది మా పాత గోల్‌కీపరు. ఇప్పుడు కండక్టరు. నన్ను చూసి బస్సు దిగొచ్చి, "మేష్టారు వెళ్లిపోయేర్రా" అని నా భుజం పట్టుకున్నాడు.

డెబ్భైల మొదట్లో, కోతలైన చేలో వెదురు కర్రలు పాతి మా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టింది ఆయనే. బడిలో డ్రిల్లు మేష్టారు. కొబ్బరి వర్తకుడొకాయన జెర్సీలు కుట్టించి, మ్యాచికింత అని డబ్బు మా చేతిలో పెట్టేవాడు. మిగతా రోజుల్లో మేం చెట్లెక్కి కొబ్బరికాయలు దించే దింపు కార్మికులం, కొట్టు గుమస్తాలం. ఆదివారం చర్చి నుంచి రాగానే మేష్టారు తోలుబంతికి కొబ్బరినూనె రాస్తూ అనేవారు: "ఓడినోడికి అన్నం సహిస్తుందిరా. ఒళ్లు దాచుకున్నోడికి సహించదు."

మేం ఒళ్లు దాచుకోలేదు. అదే మా కొంప ముంచింది.

ఎనభైల్లో, కొత్తపేటలో ఫైనలు. మా సెంటర్ ఫార్వర్డ్‌ది పలివెల ఊరు. తండ్రి లేడు. తల్లి పీచుతాళ్లు పేనేది. హెడ్డింగుకు ఎగిరి, అవతలివాడి తలకు తల కొట్టుకుని పడిపోయాడు. నేనే గీత బయటికి మోసుకెళ్లాను. నీళ్లు తాగిస్తే కక్కేశాడు. "తల తిరిగిపోతందిరా" అన్నాడు.

ఇంకా ఇరవై నిమిషాలుంది. స్కోరు సమానం. మేష్టారు వచ్చి నన్నడిగారు.

"ఎలా ఉన్నాడ్రా?"

"బాగానే ఉన్నాడండి."

నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, వాణ్ణి మళ్లీ ఆటలోకి పంపారు. గెలిచాం. కప్పు ఒళ్లో పెట్టుకుని వ్యానులో కళ్లు మూసినవాడు మళ్లీ తెరవలేదు. రెండో రోజు ఆసుపత్రిలో పోయాడు.

మేష్టారు పలివెల వెళ్లి, వాడి తల్లి వాకిట్లో నిలబడి, "నేనే మళ్లీ ఆటలోకి దింపేనమ్మా. తప్పు నాదే" అన్నారు. నా ఊసెత్తలేదు. ఆయన వెనక తల వంచుకుని నిలబడ్డాను.

"నా గుమ్మం తొక్కకండి" అందా తల్లి.

క్లబ్బు అంతటితో ఆగిపోయింది. మేష్టారు మళ్లీ విజిల్ ఊదలేదు. ప్రతి ఆదివారం మాత్రం పలివెల వెళ్లి, ఆమె వాకిట్లో కూర్చుని పీచు దులిపి వచ్చేవారు. ఆమె గుమ్మంలోకి రానిచ్చేది కాదు, పొమ్మనేదీ కాదు. కొన్నాళ్లకు మంచినీళ్ల గ్లాసు బయట పెట్టడం మొదలుపెట్టింది. మాట మాత్రం లేదు.

ఆయన మంచాన పడ్డాక ధైర్యం చేసి చెప్పాను. "ఆ రోజు అబద్ధం చెప్పేనండి."

"తెలుసురా. వాడి జెర్సీ మీద వాంతి నేనూ చూసేను." మంచం మీద నా వైపు తిరిగారు. "బాగానే ఉన్నాడంటావనే నిన్నడిగేను. నాకా కప్పు కావాల్సొచ్చింది. నువ్వు చిన్నోడివి, ఈ తప్పు నీది కాదు."

నాది కూడా. ఆ తల్లికి ఇంతవరకూ చెప్పలేకపోయాను. చెప్పడానికే ముందిలా రాస్తున్నాను. ఇన్నేళ్లూ నా వంతు కూడా ఆయనే మోశారు.

మంగళవారం మేష్టారి వాకిట్లో శవపెట్టె దించాక, ఆమె పలివెల నుంచి వచ్చింది. ఆయన తల దగ్గర కూర్చుంది. మొహం మీద ఈగలు వాలుతుంటే కొంగు తీసి విసరసాగింది. ప్రార్థనకు అందరం లేచి నిలబడ్డాం. ఆమె లేవలేదు. విసురుతూనే ఉంది.